అబద్ధం రాని ముఖం

"సోమవారం పొద్దున ఆపరేషన్ పెట్టుకుందాం," అంది డాక్టరమ్మ, స్కాను తెర మీది నుంచి కళ్లు తిప్పి. "బిడ్డ బరువు బాగుంది. గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఇక లోపల కూర్చుని సాధించేదేమీ లేదు, బయటికి రమ్మందాం."

బల్ల మీద పడుకున్న పిచ్చిక రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు కారింది. కారిందనే అనాలి, కన్నీళ్లు కూడా దాంతోపాటే వచ్చాయి కాబట్టి. పక్కనున్న మొగుడు, పొట్ట మీది జెల్లు తుడవమని ఇచ్చిన కాగితంతో పొట్ట తుడిచి, అదే కాగితంతో తన కళ్లు తుడుచుకున్నాడు. జెల్లు కాస్తా కనుబొమ్మకి అంటుకుని మెరిసింది.

తలుపు దగ్గర నిలబడ్డ అక్క ఇంకా నవ్వలేదు. నవ్వబోతోంది. పెదవులు ఆ పనిలోనే ఉన్నాయి. అంతలో మరిది ఇటు తిరిగి, "అంతా బాగానే ఉంది వదినా, మీరేం అనుమానపడకండి," అన్నాడు.

ఆమె అప్పటికి ఏమీ అడగలేదు.

రాబోయిన నవ్వు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

అక్క పని రైళ్లలో టిక్కెట్లు చూడటం. ఇంటా బయటా ఆమెను టీసీ అక్క అనే అంటారు. పెట్టెలోకి ఆమె అడుగు పెట్టగానే టిక్కెట్టు ఉన్నవాడు కిటికీలోంచి చూస్తూనే ఉంటాడు. అడిగితే విసుక్కుంటూ జేబులు తడుముకుంటాడు. లేనివాడు మాత్రం ఆమె ఇంకా నాలుగు వరసల అవతల ఉండగానే, "ఇవాళ రైలు భలే టైముకి నడుస్తోంది మేడమ్," అని పలకరిస్తాడు. అడక్కముందే మాట్లాడినవాడి దగ్గర ఉండాల్సిందేదో లేదని అర్థం. ఉద్యోగంలో ఈ సూత్రం ఆమెను ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

మరిది ఎందుకు ముందే మాట్లాడాడు?

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి, "ఆ అక్క మీరేనా?" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు. ఆమె ముఖంలోకి పరకాయించి చూసింది, చెప్పులు కొనేవాళ్లు కుట్లు చూసినట్టు. తరవాత పిచ్చిక వైపు చూసి చిన్నగా తలూపింది. పిచ్చికా తలూపింది.

"ఆ అక్క" అంటే ఏ అక్క? తన గురించి వీళ్లు ముందే ఏం మాట్లాడుకున్నారు? ఆ తలూపుడేంటి?

టీసీ అక్క అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. రెండేళ్ల కిందట పిచ్చికకి నెలలు నిండకుండానే కడుపులో బిడ్డ పోయింది. ఈసారి మొదటి నుంచీ గండాలే. ఏం తిన్నా ఇమడలేదు. మావి కిందికి దిగి బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డం పడుకుందన్నారు. రెండుసార్లు రక్తం కనపడి రెండుసార్లూ ఉన్నపళాన ఆసుపత్రికి పరిగెత్తారు. మామూలు కాన్పు మాట మర్చిపొమ్మనీ, ఆపరేషన్ దాకా మంచం దిగొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పట్నుంచీ పిచ్చిక ముందుగదిలో ఎడమవైపు తిరిగి పడుకునే ఉంది. గోడ మీద పెచ్చు ఊడిన చోట ఒక ఏనుగు బొమ్మ కనిపిస్తోందని రోజూ దానికి కబుర్లు చెప్పేది. అమ్మా నాన్నా లేని పిల్ల. పెంచింది అక్కే. ఆ పేరు పెట్టిందీ అక్కే, అన్నం ముద్దగా తినక గింజలు ఏరుకున్నట్టు తినేదని.

అలాంటి పిచ్చికకి ఇప్పుడు ఒక్కసారిగా "అంతా బాగానే ఉంది" అంటే నమ్మేదెలా?

*

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి గార్డు గుమ్మంలోనే కూర్చుని నారింజ తొనలు ఒలుస్తున్నాడు. గార్డంటే ఆమె మొగుడే. అదే లైనులో రైలు చివరి పెట్టెలో పచ్చజెండా ఊపే ఉద్యోగం. టీసీ అక్కకి పెళ్లి కాస్త ఆలస్యంగా జరిగింది. అయ్యి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన డ్యూటీ దిగేసరికి ఈమె ఎక్కడం, ఈమె దిగేసరికి ఆయన ఎక్కడం. అందుకే ఇద్దరూ ఒకే పూట ఇంట్లో ఉంటే ఆ ఇంటికి సెలవు వచ్చినట్టుండేది. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసి ఆమె ఇప్పటికీ ఒక్క క్షణం ఆగేది. కొక్కేనికి తన సంచీ పక్కన ఆయన ఈల వేలాడుతుంటే, ఎవరూ లేనప్పుడు దాన్నోసారి ఊగించేది.

"టీసీగారూ, శుభవార్త విన్నాను," అన్నాడు తొన నోటికందిస్తూ.

"ఎవరు చెప్పారు?"

"మా తోడల్లుడు ఫోన్ చేశాడు."

"నాకన్నా ముందు మీకెందుకు చేశాడు? నేనక్కడే ఉన్నాగా?"

గార్డు ఇంకో తొన నోట్లో వేసుకున్నాడు. "అక్కడే ఉన్నవాళ్లకి ఫోన్ చేస్తే బాగోదని," అన్నాడు.

"మీకేదో తెలుసు."

"నాకు తెలిసింది మీకు చెబితే ఊరందరికీ చెప్పినట్టే. నోటితో కాదులెండి, ముఖంతో."

అది ఆ ఇంట్లో పాత హాస్యమే. టీసీ అక్క నోరు ఎంత గట్టిదో ముఖం అంత లూజు. పెళ్లయిన కొత్తలో గార్డు మొదటిసారి వండి పెడితే, ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన గిన్నె తీసుకెళ్లి నీళ్లు కలిపాడు. "బాగుంది" అని ఆమె ఇంకా అననే లేదు. పెళ్లిలో ఫోటోగ్రాఫరు "నవ్వండమ్మా" అన్నాడని నవ్వితే, ఆ అబ్బాయి కెమెరా దించి, "పోనీ మామూలుగా ఉండండమ్మా," అని బతిమాలాడు.

కానీ ఆ సాయంత్రం ఆ హాస్యం ఆమెకు హాస్యంలా వినపడలేదు.

ఇదా సంగతి. వీళ్లకేదో చెడ్డ సంగతి తెలిసింది. బిడ్డకో, పిచ్చికకో. పిచ్చికకి తెలియకూడదనుకున్నారు. తనకి చెబితే తన ముఖం చూసి పిచ్చిక పసిగట్టేస్తుంది. అందుకే తన దగ్గర దాస్తున్నారు. డాక్టరమ్మ అంత పరకాయించి చూసింది కూడా, ఈ ముఖంలో సంగతి నిలుస్తుందా నిలవదా అనే. నిలవదని తేల్చుకునే తలూపింది. మరి పిచ్చిక ఎందుకు తలూపింది? అది ఊరికే ఊపి ఉంటుంది. అది గోడమీది ఏనుక్కి కూడా తలూపే రకం.

నారింజ తియ్యగా ఉంది. ఆమె మాత్రం సగం తినకుండా వదిలేసింది.

*

మర్నాడు సెలవు అడగడానికి స్టేషన్ ఆఫీసుకి వెళ్లింది. సోమవారం ఒక్కరోజు చాలు, మంగళవారం డ్యూటీకి వచ్చేస్తానని చెప్పబోయింది. పై అధికారి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "మీ ఆయన నిన్ననే చెప్పి వెళ్లాడుగా. వారం రోజులు. ఇచ్చేశాను," అన్నాడు.

"వారమా? దేనికట?"

"నేనడగలేదమ్మా. ఆయన చెప్పిన తీరు చూసి అడగబుద్ధి కాలేదు."

టీసీ అక్క మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకుంది. ఆపరేషన్ చెల్లెలికి, వారం సెలవు తనకి. వారం రోజులు ఇంట్లో కూర్చుని తాను చేయాల్సిన పనేమిటి? మనుషులు వారం సెలవు దేనికి పెడతారో ఆమెకు తెలుసు. ఆ ఆలోచన రాగానే దాన్ని రైల్లోంచి దింపేసినట్టు బలవంతంగా దింపేసింది. అది మళ్లీ ఇంకో తలుపులోంచి ఎక్కింది.

అక్కడి నుంచి నేరుగా మరిది కొట్టుకి వెళ్లింది. మరిదిది కళ్లజోళ్ల కొట్టు. గోడనిండా అద్దాలు, అద్దాల నిండా ఫ్రేములు. లోపలికి వెళితే మనిషికి పదిమంది మనుషులు కనిపిస్తారు. మరిది ఒక పెద్దాయనకి గుండ్రటి ఫ్రేము పెట్టి, "మీ ముఖానికి భలే కుదిరింది సార్," అంటున్నాడు. కుదరలేదు. ఆ పెద్దాయన గుడ్లగూబలా ఉన్నాడు. అయినా మరిది నవ్వు ఎంత కమ్మగా ఉందంటే, పెద్దాయన తనను తాను చూసుకుని మురిసిపోయాడు.

వదినను చూడగానే మరిది ఆ నవ్వే ఇటు తిప్పాడు. "రండి వదినా. అన్నట్టు, మీ పాదం సైజెంత?"

"దేనికి?"

"ఊరికే. చెప్పులు..." అని, ఏమనాలో తోచక, "కొందామని," అన్నాడు.

"నీ పెళ్లాం ఆపరేషన్ పెట్టుకుని నువ్వు నాకు చెప్పులు కొంటావా?"

మరిది ఎడమచెవి ఎర్రబడింది. టిక్కెట్టు లేనివాళ్లకి ఎర్రబడేది కూడా చెవులే. "బిడ్డకి ఏమైనా ఉందా? నిజం చెప్పు," అని ఆమె సూటిగా అడిగింది. "ఏమీ లేదు వదినా, ఒట్టు," అన్నాడతను. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు. కానీ ఆమె అప్పటికే చెవి వైపు చూస్తోంది కాబట్టి ముఖం చూడలేదు. చూసుంటే సగం దిగులు అక్కడే తీరేది.

*

ఆ మధ్యాహ్నం రైల్లో ఆమెకొక ఉపాయం తట్టింది.

తన ముఖమే కదా వీళ్ల బాధ. అయితే ముఖాన్నే దారికి తెచ్చుకుంటే పోలా. ఏ వార్త విన్నా, పిచ్చిక ముందు నవ్వుతూ నిలబడగలిగితే చాలు. అది ఆపరేషన్ గదిలోకి వెళ్లేటప్పుడు చివరగా చూసేది నవ్వే ముఖం కావాలి. మిగతాది తరవాత తాను ఏడ్చుకుంటుంది, వారం సెలవు ఉండనే ఉంది.

పెట్టె చివర చేతులు కడుక్కునే చోట చిన్న అద్దం ఉంది. టీసీ అక్క దాని ముందు నిలబడి పెదవులు రెండు పక్కలకీ లాగింది. రైలు ఊగినప్పుడల్లా నవ్వు ఒక పక్కకి ఒరిగిపోయింది. పళ్లు కనిపించేలా ఒకసారి, కనిపించకుండా ఒకసారి చూసుకుంది. పళ్లు కనిపించకపోతే పంటి నొప్పిలా ఉంది, కనిపిస్తే కరవబోతున్నట్టుంది. చేతులు కడుక్కుందామని వచ్చిన ఒక పెద్దాయన ఆమెను చూసి, జేబులోంచి టిక్కెట్టు తీసి చూపించి, కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

శనివారం ఇంట్లో బీరువా అద్దం ముందు ఇంకాస్త కుదిరింది. కళ్లు కొద్దిగా చికిలిస్తే సహజంగా ఉందని కనిపెట్టింది. వెనక గార్డు నిలబడి ఉన్నాడని చూసుకోలేదు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడాయన.

"పళ్లు చూసుకుంటున్నా."

"అన్నీ ఉన్నాయా?" అని నవ్వబోయాడు కానీ, అద్దంలో ఆమె నవ్వు చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి, ఆమె బుగ్గల మీద రెండు బొటనవేళ్లు పెట్టి, ముడతపడ్డ దుప్పటి సర్దినట్టు ఆ నవ్వును మెల్లగా చెరిపేశాడు. "ఇది మాత్రం వద్దు. నా ముందు ఎలాగైనా నవ్వండి. పిచ్చిక ముందు ఈ నవ్వు నవ్వకండి."

"ఎందుకని?"

"చెప్పకూడదు."

ఎప్పుడూ ఏదో ఒక పరాచికం తోడు లేకుండా మాట్లాడని మనిషి అంత పొడిగా "చెప్పకూడదు" అనేసరికి ఆమె అద్దం ముందు నుంచి తప్పుకుంది. ఆయన వేళ్ల వెచ్చదనం ఇంకా బుగ్గల మీదే ఉంది. కట్టుకున్న మొగుణ్ణి కూడా అనుమానించాల్సిన రోజు వచ్చిందే అనుకుంది.

*

ఆదివారం మధ్యాహ్నం పిచ్చికను ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం టీసీ అక్క గార్డుతో కలిసి వెళ్లింది. కిటికీ పక్కన మంచం, తల వైపు ఎత్తడానికి మంచం కింద తిప్పుడు పిడి, ప్లాస్టిక్ కూజా మీద బోర్లించిన గ్లాసు. పిచ్చిక పొట్టకి కట్టిన పట్టీ లోంచి బిడ్డ గుండె చప్పుడు గుర్రం పరుగులా గదంతా వినిపిస్తోంది. మరిది ఆపిల్ ముక్కలు కోసి అందిస్తుంటే పిచ్చిక కాళ్లు ఊపుకుంటూ తింటోంది.

టీసీ అక్క గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, కళ్లు చికిలించి, నేర్చుకున్న నవ్వంతా ముఖానికి తెచ్చుకుని లోపలికి వచ్చింది.

పిచ్చిక కాళ్లు ఊపడం ఆపేసింది.

"అక్కా, ఏమైంది?"

"ఏమవుతుంది? అంతా బాగానే ఉంది," అంది అక్క, నవ్వు చెదరకుండా.

పిచ్చిక ముఖంలో రంగు మారిపోయింది. ఆపిల్ ముక్క ఒళ్లో పడింది. "ఎవరేం చెప్పారు నీకు? బయట డాక్టరమ్మ కనపడిందా? చెప్పక్కా, బిడ్డకేమైంది?"

"ఏమీ కాలేదే పిచ్చికా," అని అక్క నవ్వు ఇంకాస్త పెంచింది. అదే పొరపాటయింది. పిచ్చిక రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఊపిరి అందనట్టు ఎగశ్వాస తీసింది. మరిది లేచి నిలబడ్డాడు. గార్డు పరిగెత్తి నర్సమ్మను పిలుచుకొచ్చాడు.

నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, అందరి వైపూ తిరిగింది. "ఇందాకటిదాకా బాగానే ఉందే. ఎవరేమన్నారమ్మా ఈమెతో? ఇలాగే పెరిగితే రేపటిదాకా ఆగడం కుదరదు, ఇప్పుడే లోపలికి తీసుకెళ్లాల్సి వస్తుంది. ముందామెను స్థిమితపరచండి."

ఆ మాటతో టీసీ అక్క ముఖం మీది నవ్వు చేత్తో తీసినట్టు రాలిపోయింది. కింద ఏముందో అదే మిగిలింది. మంచం అంచున కూలబడి, "నాకేమీ తెలీదే," అంది. "ఎవ్వరూ నాకేమీ చెప్పలేదు. మీరంతా ఏదో దాస్తున్నారని, తెలీక నేనే భయపడి చస్తున్నాను. మొన్నటి నుంచి అన్నం దిగట్లేదు."

పిచ్చిక ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కళ్లూ కనుబొమ్మలూ నోటి మూలలూ ఒక్కొక్కటే చూసింది, రైల్లో అక్క టిక్కెట్టు మీద ఊరూ తేదీ చూసే తీరులోనే. మెల్లగా ఆమె భుజాలు దిగాయి. "నిజమే. ఏమీ తెలీదు దీనికి," అంది. ఊపిరి వదిలింది.

నర్సమ్మ కాసేపాగి మళ్లీ పట్టీ చుట్టింది. "దిగుతోంది," అంది ఆశ్చర్యంగా. "నేను మందిద్దామనుకున్నాను. ఈవిడ ముఖమే నయంలా ఉందే."

"ఏంటే ఇదంతా?" అంది టీసీ అక్క. ఈసారి గొంతు రైలు పెట్టెలో వినిపించే గొంతే. "చెప్పుల సైజేంటి, వారం సెలవేంటి, ఆ తలూపుళ్లేంటి? ఒక్కొక్కళ్లూ చెప్పండి."

మరిదీ గార్డూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాట్లాడింది పిచ్చికే.

"రేపు నడుముకే మత్తిస్తారటక్కా. మెలకువగానే ఉంటాను. మధ్యలో తెర కడతారు, నాకేమీ కనిపించదు. తల దగ్గర ఒక్క మనిషిని ఉండనిస్తామన్నారు. నేను నిన్ను అడిగాను."

"నన్నా? మరి ఇతనో?"

"పోయినసారి గుర్తుందా? పొద్దున్నే బిడ్డ పోయిందని ఈయనకీ, ఆసుపత్రి వాళ్లందరికీ తెలుసు. సాయంత్రం దాకా నా చుట్టూ నవ్వుతూనే ఉన్నారు. ఈయనైతే ఎంత చక్కగా నవ్వాడో. బాగానే ఉంది, బాగానే ఉంది అని. నేను పేర్లు ఆలోచిస్తూ కూర్చున్నాను. నువ్వు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. నువ్వేమీ అనకముందే నాకు తెలిసిపోయింది." పిచ్చిక పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "రేపు బిడ్డ వెంటనే ఏడవకపోతే నేను ఎవరివైపు చూడాలి? నాకు నిజం కనపడే ముఖం కావాలి."



"నేను కొట్లో ప్రతి ముఖానికీ కుదిరిందనే చెబుతాను వదినా," అన్నాడు మరిది, ఆపిల్ తొక్కలు ఒక చోటికి చేరుస్తూ. "అలవాటైపోయింది. ఆరోజు దీనికీ అలాగే చెప్పాను. లోపలికి వెళ్లాలని నాకు ఉండదా? ఉంది. కానీ దీనికి నా నవ్వు మీద నమ్మకం పోయింది. అది తిరిగి రావాలంటే కొంచెం టైం పడుతుంది." పిచ్చిక అతని వేలు పట్టుకుని తన గుప్పిట్లో దాచుకుంది.

"మరి ఈ సంగతి నాకే చెప్పకపోవడమేంటే?"

"ముందే చెబితే నువ్వు అద్దం ముందు నిలబడి నవ్వు నేర్చుకుంటావని. నాకు నేర్చుకున్న నవ్వు వద్దు. అందుకే రేపు పొద్దునదాకా నోరు మెదపొద్దని ఒట్టేయించాను."

"చెప్పకపోయినా నేర్చుకున్నారుగా," అన్నాడు గార్డు. "బీరువా అద్దం ముందు చూసి, నేను ఈల ఊది రైలాపేద్దామనుకున్నాను."

పిచ్చిక నవ్వింది. పొట్ట కదిలి పట్టీ జారితే గుర్రం పరుగు ఒక్కసారి తప్పిపోయి మళ్లీ వినపడింది. నర్సమ్మ పట్టీ సర్దుతూ, "చెప్పుల సైజు అడగమన్నది నేనేనమ్మా. లోపల మేమిచ్చేవే వేసుకోవాలి," అంది. "డాక్టరమ్మ కూడా మీ ముఖం చూశాకే ఒప్పుకుంది. కళ్లు తిరిగి పడిపోయే రకం కాదు అంది."

"వారం సెలవో?"

"లోపల నిలబడి వచ్చాక మర్నాడే రైలెక్కి జనాన్ని టిక్కెట్టడుగుతారా?" అన్నాడు గార్డు. "మీరు పెద్దమ్మై బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే, పక్కన కూర్చుని చూడాలని నేనూ వారం పెట్టాను."

టీసీ అక్కకి అప్పుడు గుర్తొచ్చింది అసలు చిక్కు. "లోపల మూతికి గుడ్డ కడతారు కదే. ముఖమెక్కడ కనపడుతుంది?"

"కళ్లు కనపడతాయిగా. నీ కనుబొమ్మలు చాలు," అంది పిచ్చిక. "రైళ్లలో సగం మంది వాటిని చూసే దిగిపోతారట."

ఒక్కొక్కరి మీదా పెట్టుకున్న అనుమానాలన్నీ టీసీ అక్క మనసులోనే వరసగా దింపేసింది. ఒకటి మాత్రం దిగలేదు. అది అనుమానం కాదు, భయం. దానికి టిక్కెట్టుంది. రేపటిదాకా ఉంటుంది. ఆమె దాన్ని ముఖంలోనే ఉండనిచ్చింది, దాచలేదు. పిచ్చిక చూసింది. చూసి, ఫరవాలేదన్నట్టు ఒళ్లో పడ్డ ఆపిల్ ముక్క తీసి ఆమె నోట్లో పెట్టింది.

ముక్క నమిలి మింగి టీసీ అక్క లేచి నిలబడింది.

"సరే, వినండి. రేపు పొద్దున మొదటి ఆపరేషన్ ఇదే. ఏడింటికల్లా నేనిక్కడుంటాను, కడుపులో ఏదైనా వేసుకునే వస్తాను. దీని తల దగ్గర నిలబడతాను. బిడ్డను చూసిన మరుక్షణం దీనివైపు తిరుగుతాను, మధ్యలో ఇంకెవరివైపూ చూడను. మరిదీ, తలుపుకి గుండ్రటి అద్దముంది, నువ్వు దానికి అతుక్కుని ఉండు. నేను తలూపగానే నిన్నే ముందు లోపలికి పిలవమని డాక్టరమ్మకి ఇప్పుడే వెళ్లి చెబుతా." తరవాత మొగుడి వైపు తిరిగింది. "మీరు ఆ ఈల ఇంట్లో కొక్కేనికే వదిలేసి రండి."